టైరు ఎందుకు రాసుకుంది?

ట్రాక్టరు ట్రక్కు చెప్పిన భౌతికశాస్త్ర పాఠం

కోతలు, నూర్పిళ్లు అయిపోయాక మా కృష్ణా డెల్టా పల్లెల్లో కాలవ గట్ల మీద ఎక్కడ చూసినా ధాన్యం ట్రాక్టర్లే కనిపిస్తాయి. ట్రాక్టరు వెనక తగిలించే రెండు చక్రాల బండిని కొందరు ట్రైలరు అంటారు, కొందరు తొట్టి అంటారు. మా వైపు మాత్రం ట్రక్కు అనే పిలుస్తారు. మీలో చాలామంది దాన్ని రోజూ చూస్తూనే ఉంటారు. అయితే ఎప్పుడైనా వంగి దాని కిందికి చూశారా? ట్రక్కు అడుగుకూ, టైరు పై అంచుకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. జానెడు కూడా ఉండని ఆ సందు మీదే బండి క్షేమం ఆధారపడి ఉంది. ఆ సందు పోతే ఏమవుతుందో, దాన్ని మళ్లీ ఎలా తెచ్చుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. ఇందులో కొత్త శాస్త్రమేమీ లేదు. హుక్ సూత్రం, లోలకం, గరిమనాభి, అన్నీ మీరు క్లాసులో చదివినవే.

కాలిన రబ్బరు వాసన

కొన్నేళ్ల కిందటి మాట. మా చిన్నాన్న కొడుకు తన ట్రక్కుకు అరిగిపోయిన టైర్లు తీసేసి కొత్తవి వేయించాడు. పాతవి 7.50-16 సైజువి. కొత్తవి 9.00-16.

"పెద్ద టైర్లు వేయించానన్నయ్యా! ఇంకో పది బస్తాలు ఎక్కువ వేసినా లెక్క లేదు" అన్నాడు సంబరంగా.

ఆ వారంలోనే మా బడి పిల్లలను పట్నంలో జరిగే వైజ్ఞానిక ప్రదర్శనకు తీసుకువెళ్లాలి. ముప్పైమంది పిల్లలు, వాళ్లు చేసిన నమూనాలు. బస్సులో నమూనాలు నలిగిపోతాయని నాకు బెంగ. "నీ ట్రక్కు ఒక్క పూట ఇస్తావా? పిల్లల్ని అందులోనే తీసుకుపోతాను" అని అడిగాను. వాడు సరేనన్నాడు.

ముందురోజు వాడు అరవై బస్తాల ధాన్యంతో మిల్లుకు బయలుదేరాడు. నేను సైకిలు మీద వెనకాలే వస్తున్నాను. కల్వర్టు దగ్గర గోతిలో ట్రక్కు దిగి లేచినప్పుడల్లా 'జుర్రు' మని చప్పుడు. కాసేపటికి రబ్బరు కాలిన వాసన. ఆపి చూస్తే ట్రక్కు అడుగున ఉన్న ఇనప యాంగిల్ నల్లగా నిగనిగలాడుతోంది. ఆ యాంగిల్‌కు బిగించిన బోల్టు తల కొత్త టైరు మీద వేలు పట్టేటంత గాడి పెట్టింది.

ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు సుమారు ఐదున్నర మీటర్లు నడుస్తుంది. ఆ టైరు చుట్టుకొలత 2.7 మీటర్లు. అంటే టైరు సెకనుకు రెండుసార్లు తిరుగుతోంది. టైరు యాంగిల్‌కు తగిలిన ప్రతిసారీ ఘర్షణ వల్ల వేడి పుడుతుంది, రబ్బరు ఊడిపోతుంది. రబ్బరు పొర కింద టైరుకు బలాన్నిచ్చే దారాల పొరలు ఉంటాయి. గాడి ఆ దారాల దాకా పోతే బరువుతో ఉన్న టైరు ఒక్కసారిగా పేలిపోతుంది. ఒక పక్క టైరు పేలితే ట్రక్కు ఆ పక్కకు ఒరుగుతుంది. ఒక పక్క కాలవ ఉన్న రోడ్డు మీద అలా జరిగితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

ఆ ట్రక్కులోనే మరునాడు నా విద్యార్థులను ఎక్కించాలనుకున్నాను!

పెద్ద టైరు వేస్తే సందు పెరగాలి కదా?

"పెద్ద టైరు వేస్తే బండి పైకి లేస్తుంది కదా, మరి సందు ఎందుకు తగ్గింది?" అని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. మీరూ ఒక నిమిషం ఆలోచించి ఆ తరవాత ముందుకు చదవండి.

టైరు మీద ఉన్న 7.50-16 వంటి అంకెల్లో మొదటిది టైరు వెడల్పు, రెండోది లోపలి ఇనప చక్రం వ్యాసం. రెండూ అంగుళాల్లోనే. పాత పద్ధతిలో తయారయ్యే ఈ టైర్లలో చక్రం అంచు నుంచి టైరు పై అంచు దాకా ఉండే ఎత్తు, టైరు వెడల్పుకు దాదాపు సమానం. కాబట్టి 7.50-16 టైరు మొత్తం వ్యాసం సుమారు 16 + 7.5 + 7.5 = 31 అంగుళాలు. 9.00-16 టైరుది 16 + 9 + 9 = 34 అంగుళాలు. వ్యాసంలో తేడా 3 అంగుళాలు. వ్యాసార్థంలో తేడా ఒకటిన్నర అంగుళం, అంటే సుమారు 4 సెంటీమీటర్లు.

ఇప్పుడు చూడండి. కొత్త టైరు వేసినందువల్ల ఇరుసు నేల నుంచి 4 సెం.మీ. పైకి లేచింది. ఇరుసు మీద కూర్చున్న ట్రక్కు అడుగు కూడా సరిగ్గా 4 సెం.మీ. లేచింది. కాని టైరు పై అంచు ఎంత లేచింది? నేల నుంచి దాని ఎత్తు వ్యాసమంత. అంటే అది 8 సెం.మీ. లేచింది! అడుగు 4 సెం.మీ. లేస్తే టైరు 8 సెం.మీ. లేచింది కాబట్టి మధ్య సందు 4 సెం.మీ. తగ్గింది. బండి ఎత్తు పెరిగినా సందు తరిగిపోవడానికి కారణం ఇదే.

అంతేకాదు. కొత్త టైరు ఒకటిన్నర అంగుళం ఎక్కువ వెడల్పు. అందులో సగం లోపలి వైపుకు వస్తుంది. అంటే ఇరుసు మీద ఉన్న స్ప్రింగు కట్టకూ టైరు పక్కకూ మధ్య ఖాళీ కూడా దాదాపు 2 సెం.మీ. తగ్గిందన్నమాట. పైసందు ఒక్కటే చూసి పక్కసందు మరిచిపోకూడదు.

కమాన్ కట్ట కథ

ట్రక్కు అడుగుకూ ఇరుసుకూ మధ్య విల్లులా వంగిన ఉక్కు పట్టీల కట్ట ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని కమాన్ కట్ట అంటారు. ఒకదాని కింద ఒకటిగా, పొడుగువి పైన, పొట్టివి కింద పేర్చి, నడుమ సెంటర్ బోల్టుతో బిగిస్తారు. కట్టనూ ఇరుసునూ కలిపి యూ బోల్టులు పట్టి ఉంచుతాయి. గుర్రపుబగ్గీలకు ఇలాంటి ఉక్కు కమాన్లు అమర్చే పద్ధతికి ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ 1804లో పేటెంటు పొందాడు. గాలి టైరు ఆ తరవాత వచ్చింది. జాన్ బాయిడ్ డన్లప్ దాన్ని 1888లో పేటెంటు చేశాడు. అంతకు ముందు మన ఎడ్లబండికి ఈ రెండూ లేవు. కొయ్య చక్రం, దానికి ఇనపకట్టు, అంతే. గతుకు వస్తే బండివాడి నడుమే స్ప్రింగు!

స్ప్రింగు గుట్టును బయటపెట్టినవాడు రాబర్ట్ హుక్. ఆయన 1676లో తన సూత్రాన్ని అక్షరాలు తారుమారు చేసి ఒక చిక్కుముడిగా ప్రకటించాడు. ఇతరులు కాజేయకుండా జాగ్రత్త పడ్డాడన్నమాట! ఆ ముడిని 1678లో తానే విప్పాడు. స్ప్రింగు ఎంత సాగుతుందో, లేక ఎంత వంగుతుందో, అది దాని మీద వేసిన బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 250 కిలోల బరువుకు 1 సెం.మీ. దిగే కమాన్ కట్ట 500 కిలోలకు 2 సెం.మీ., 1,000 కిలోలకు 4 సెం.మీ. దిగుతుంది. మితిమీరిన బరువు వేస్తే ఈ సూత్రం చెల్లదు. ఉక్కు స్థితిస్థాపక అవధి దాటి, బరువు తీసినా కట్ట మళ్లీ పైకి లేవదు. "కమాన్లు కూచుండిపోయాయి" అని మెకానిక్కులు అనేది దీన్నే.

అన్ని పట్టీలెందుకు? ఒక్క లావుపాటి ఉక్కుదూలం పెడితే పోదా అని మీకు సందేహం రావచ్చు. ఒక పట్టీ గట్టిదనం దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెండింతలైతే గట్టిదనం ఎనిమిదింతలు అవుతుంది. విడివిడిగా పేర్చిన రెండు పట్టీల గట్టిదనం మాత్రం రెండింతలే. కాబట్టి ఎనిమిది పట్టీల కట్ట బరువును మోస్తూనే బాగా వంగుతుంది. అంత మందం గల ఒకే దూలం దాదాపు వంగదు, బలవంతాన వంచితే విరుగుతుంది. పైగా కమాన్ వంగినప్పుడు పట్టీలు ఒకదాని మీద ఒకటి జారి రాసుకుంటాయి. ఆ ఘర్షణ ఊపును తగ్గిస్తుంది. టైరును కొరికిన ఘర్షణే ఇక్కడ మేలు చేస్తోంది చూశారా!

ఎంత దిగుతుంది? లెక్క వేద్దాం

మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ట్రక్కును మెల్లగా మేస్త్రీ షెడ్డుకు చేర్చాం. ఆయన వయసులో నాకన్నా పెద్దవాడు. ఐదో తరగతితో చదువు ఆపేసినా, కొలతలో మాత్రం ఒక్క పిసరు తేడా రానివ్వడు. ముందు బస్తాలన్నీ దింపించాడు. ట్రక్కును చదును నేల మీద నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి, టేపుతో సందు కొలిచాడు. ఖాళీ ట్రక్కుకు 10 సెం.మీ. వచ్చింది. పాత టైర్లతో అది 14 ఉండేదని మన లెక్క చెబుతోంది.

మా వైపు ధాన్యం బస్తా 75 కిలోలు. అరవై బస్తాలంటే 4,500 కిలోలు. రెండు చక్రాల ట్రక్కులో కొంత బరువును ముందున్న ట్రాక్టరు కొక్కెం మోస్తుంది. అది 500 అనుకుంటే ఇరుసు మీద 4,000 కిలోలు. ఒక్కో కమాన్ కట్ట మీద 2,000. కట్టకు ఎనిమిది పట్టీలు. అది 250 కిలోలకు 1 సెం.మీ. చొప్పున దిగుతుందనుకుందాం. అప్పుడు ధాన్యం బరువుకు 8 సెం.మీ. దిగుతుంది. పాత టైర్లతో మిగిలేది 6. కొత్త టైర్లతో మిగిలేది 2 మాత్రమే.

నిలిచి ఉన్న బండికి ఆ రెండూ చాలు. కాని బండి నిలిచి ఉండదు కదా! గోతిలో పడి లేచేటప్పుడు కమాన్ మీద బలం క్షణకాలం బాగా పెరుగుతుంది. ట్రక్కు సొంత బరువులో ఒక్కో కట్ట మీద 500 కిలోలు పడుతుందనుకుంటే, ధాన్యంతో కలిపి 2,500. కుదుపులో ఇంకో సగం, అంటే 1,250 కిలోల బలం, అదనంగా పడిందనుకుందాం. దానికి మరో 5 సెం.మీ. దిగుతుంది. మొత్తం 8 + 5 = 13 సెం.మీ.

పాత టైర్లతో: 14 - 13 = 1. అంగుళంలో సగం కూడా లేని సందుతో బండి ఇన్నేళ్లూ గట్టెక్కింది.

కొత్త టైర్లతో: 10 - 13. సందు చాలదు, మూడు సెంటీమీటర్లు లోటు. అందుకే గోతిగోతికీ టైరు యాంగిల్‌కు తగిలింది.

లెక్క చూపిస్తే మేస్త్రీ నవ్వాడు. "మాస్టారూ, మీరు కాగితం మీద చెప్పారు, నేను ఆ నల్ల మరక చూసి చెప్పాను. ఇద్దరం ఒకచోటికే వచ్చాం" అన్నాడు.

మందులు నాలుగు

సందు పెంచడానికి ఉన్న దారులను ఒక్కొక్కటే పరిశీలిద్దాం.

మొదటిది, తగిలేచోట అడుగు కోసేయడం. చాలామందికి ముందు తోచేది ఇదే. కాని ఆ యాంగిల్ ట్రక్కు వెన్నెముకలో ఎముక లాంటిది. కోస్తే అడుగు బరువుకు కుంగి మళ్లీ టైరు మీదికే వస్తుంది. ఈ మందు పనికిరాదు.

రెండోది, కమాన్ కట్టకు పట్టీలు చేర్చడం. ఒక సెం.మీ. మందమున్న పట్టీలు రెండు చేర్చి ఎనిమిదిని పది చేశామనుకోండి. గట్టిదనం 250 నుంచి 312.5కు పెరుగుతుంది. ధాన్యం బరువుకు 8 బదులు 6.4 సెం.మీ., కుదుపుకు 5 బదులు 4 సెం.మీ. దిగుతుంది. మొత్తం 10.4. పట్టీల మందం 2 సెం.మీ. కాబట్టి ఇరుసు మీద ట్రక్కు అంతమేరకు లేస్తుంది. ఖాళీ ట్రక్కు సొంత బరువుకు కుంగేది కూడా 2 సెం.మీ. నుంచి 1.6కు తగ్గుతుంది. అంటే ఖాళీగా ఉన్నప్పుడు సందు 10 + 2 + 0.4 = 12.4. అందులోంచి 10.4 తీసేస్తే 2 సెం.మీ. మిగులుతుంది. లోటు తీరింది!

మూడోది, కమాన్‌కూ ఇరుసుకూ మధ్య ఇనప దిమ్మె పెట్టడం. 5 సెం.మీ. దిమ్మె పెడితే 10 + 5 - 13 = 2. ఫలితం అదే. కమాన్ మెత్తదనం పోదు. అయితే దిమ్మె మీద దిమ్మె పేర్చకూడదు. అవి బ్రేకు వేసినప్పుడు జారే ప్రమాదం ఉంది. యూ బోల్టులు కూడా అంతమేరకు పొడుగువి వేసి, కొన్ని కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించాలి.

నాలుగోది, కమాన్‌కూ ఇరుసుకూ చోటు మార్చడం. కొన్ని ట్రైలర్లలో కమాన్ ఇరుసు కింద ఉంటుంది. దాన్ని ఇరుసు మీదికి మారిస్తే ఇరుసు మందం, కట్ట మందం రెండూ కలిపినంత ఎత్తు ఒక్కసారే పెరుగుతుంది. అమెరికాలో కారు వెనక ఇల్లులాంటి ట్రైలర్లను తగిలించుకుని యాత్రలు చేసేవారిలో కొందరు ఈ పద్ధతి అనుసరిస్తారు. 7.5 సెం.మీ. ఇరుసు, 5 సెం.మీ. కట్ట అయితే బండి 12.5 సెం.మీ. లేస్తుంది. మా తమ్ముడి ట్రక్కుకు కమాన్లు మొదటినుంచీ ఇరుసు మీదే ఉన్నాయి కాబట్టి ఈ మందు దానికి వర్తించదు.

ఏది చేసినా ఒక హెచ్చరిక గుర్తుంచుకోవాలి. కమాన్ పట్టీని వెల్డింగు చేయకూడదు, కొలిమిలో కాల్చి వంచకూడదు. ఆ ఉక్కుకు బలం దాని పదునులో ఉంది. కొడవలిని నిప్పుల్లో వదిలేస్తే పదును పోయినట్టే, వేడి తగిలిన పట్టీ గుణం చెడిపోయి అక్కడే విరుగుతుంది. ఇంకోమాట. ట్రక్కు ఎత్తు పెరిగింది కదా అని ట్రాక్టరు కొక్కేన్ని ఇష్టమొచ్చినట్టు పైకి జరపకూడదు. లాగే చోటు ట్రాక్టరు వెనక ఇరుసుకన్నా ఎత్తైతే, బరువు లాగేటప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేచి ట్రాక్టరు వెల్లకిలా పడుతుంది.

నిండుకుండ తొణకదు

రెండో మందు, మూడో మందు ఒకే ఫలితమిచ్చాయి. మరి తేడా ఏమిటి?

ఖాళీ ట్రక్కు రోడ్డు మీద గడగడలాడుతూ ఎగిరెగిరి పడటం మీరు గమనించే ఉంటారు. అదే ట్రక్కు ధాన్యంతో వస్తే మెల్లగా, హుందాగా ఊగుతుంది. ఇది ఎందుకో లోలకం చెబుతుంది. స్ప్రింగు బరువుకు ఎంత దిగిందో అంత పొడుగున్న లోలకాన్ని ఊహించుకోండి. స్ప్రింగు మీది బండి, ఆ లోలకం, రెండూ ఒకే డోలనావర్తన కాలంతో ఊగుతాయి. ఖాళీ ట్రక్కు తన బరువుకు 2 సెం.మీ. దిగింది. రెండు సెంటీమీటర్ల లోలకం సెకనుకు మూడున్నరసార్లు ఊగుతుంది. ధాన్యంతో కలిపి ట్రక్కు 10 సెం.మీ. దిగింది. పది సెంటీమీటర్ల లోలకం సెకనుకు 1.6 సార్లే ఊగుతుంది. దారం, రాయి తీసుకుని మీరే లెక్కపెట్టి చూడవచ్చు. నిండుకుండ తొణకదన్న సామెతకు ఇక్కడ భౌతికశాస్త్రం కూడా సాక్ష్యం పలుకుతోంది.

పట్టీలు చేర్చి కమాన్‌ను గట్టి చేస్తే దిగేది తగ్గుతుంది, లోలకం పొట్టిదవుతుంది, కుదుపు పెరుగుతుంది. రెండు పట్టీలు చేర్చాక ఖాళీ ట్రక్కు సెకనుకు దాదాపు 4 సార్లు అదురుతుంది. ఆ అదురు ఇరుసుకూ, బోల్టులకూ, వెల్డింగు అతుకులకూ పోతుంది. అందుకని పట్టీలు ఎన్ని పడితే అన్ని చేర్చకూడదు. దిమ్మె పెడితే ఈ బాధ లేదు. కాని దిమ్మె కమాన్‌కు బలం ఇవ్వదు. ముందే బరువు ఎక్కువై అలిసిపోయిన కమాన్‌ను అలాగే ఉంచి ఎత్తు మాత్రం పెంచుతుంది.

ఎత్తు పెరిగితే ఏమవుతుంది?

సందు కోసం బండిని ఎత్తిన ప్రతిసారీ గరిమనాభి కూడా లేస్తుంది. గరిమనాభి నుంచి గీసిన నిట్టనిలువు గీత రెండు చక్రాల మధ్య నేలను తాకినంతసేపూ బండి పడదు. ఆ గీత చక్రాన్ని దాటితే బోల్తాయే.

రెండు చక్రాల మధ్య దూరం 150 సెం.మీ. అనుకుందాం. సగం 75. ధాన్యంతో గరిమనాభి నేల నుంచి 135 సెం.మీ. ఎత్తున ఉంటే, ట్రక్కు 29 డిగ్రీల దాకా ఒరిగినా పడదు. కొత్త టైరు వల్ల 4, దిమ్మె వల్ల 5, మొత్తం 9 సెం.మీ. లేచిందనుకోండి. ఈ అవధి ఇరవై ఏడున్నర డిగ్రీలకు తగ్గుతుంది. పట్టీలు చేర్చినా బరువు మీద ట్రక్కు ఎత్తు ఇంచుమించు అంతే లేస్తుంది. "ఒకటిన్నర డిగ్రీయే కదా!" అంటారా? సరే, ఆ ట్రక్కులోనే గడ్డి ఎత్తుగా వేసి గరిమనాభిని 190 సెం.మీ.కు తీసుకుపోతే అవధి ఇరవై ఒకటిన్నర డిగ్రీలే.

మలుపులో కూడా ఇదే లెక్క. 20 మీటర్ల వ్యాసార్థమున్న మలుపులో మొదటి ట్రక్కు గంటకు 37 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. గడ్డి ట్రక్కు 32 కిలోమీటర్లు రాకముందే చక్రం లేపుతుంది. ఇవి కాగితం మీది అవధులు. నిజమైన రోడ్డు మీద మలుపు వెలుపలి వైపు కమాన్ దిగుతుంది, టైరు నొక్కుకుంటుంది, గట్టు పక్కకు వాలి ఉంటుంది. కాబట్టి అసలు అవధి ఇంకా తక్కువ.

ఇక బస్తాల బదులు మనుషులు నిలబడితే? బస్తా వేసినచోట ఉంటుంది. మనుషులు అలా కాదు. మలుపు రాగానే అందరూ ఒక పక్కకు తూలుతారు. గరిమనాభి కూడా వాళ్లతోపాటే ఆ పక్కకు పోతుంది, సరిగ్గా పోకూడని సమయంలో. పట్టుకోవడానికి కమ్మీలుండవు, కూర్చోవడానికి సీట్లుండవు. పెళ్లిళ్లకూ, తిరునాళ్లకూ ట్రక్కుల్లో జనం పోవడం మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం కాబట్టి అది ప్రమాదమనే మనకు తోచదు. నాకూ తోచలేదు. ట్రక్కులో మనుషులను ఎక్కించకూడదని చట్టం చెబుతుందని తెలిసి కూడా, సైన్సు మాస్టారునై ఉండి నేనే ముప్పైమంది పిల్లలను ఎక్కించబోయాను.

మట్టిముద్ద తీర్పు

చివరికి మేస్త్రీ ఏం చేశాడు? ఒక్కో కట్టకు రెండేసి పట్టీలు చేర్చాడు. బోల్టు తల కిందికి పొడుచుకు రాకుండా తిరగేసి బిగించాడు. కమాన్ మరీ దిగిపోతే, టైరుకన్నా ముందు ఇరుసుకు తగిలేటట్టు ఛాసిస్ కింద రబ్బరు దిమ్మెలు అమర్చాడు. గాడి పడిన టైరును తీయించాడు. ఆ తరవాత మా తమ్ముడితో అన్నాడు: "అబ్బాయ్, టైరు పెద్దదైనంత మాత్రాన ట్రక్కు పెద్దదవదు. ఇరుసు అదే, ఛాసిస్ అదే. ఇకమీదట యాభై బస్తాలు దాటకు."

అంతటితో వదల్లేదు. బంకమన్ను పిసికి 6 సెం.మీ. మందాన ముద్ద చేసి, టైరుకు సరిగ్గా పైన అడుగుకు అంటించాడు. యాభై బస్తాలతో అదే కల్వర్టు మీదుగా మిల్లుకు పోయి రమ్మన్నాడు. దారిలో టైరు ఎంత దగ్గరికి వస్తే అంత మట్టి గీసుకుపోతుంది. మిగిలిన మట్టి మందమే ఆ ప్రయాణంలో దొరికిన కనీసపు సందు. ఎంత తేలికైన కొలమానం!

మేం లెక్క వేసుకున్నాం. యాభై బస్తాలలో ఒక్కో కట్ట మీద పడేది సుమారు 1,667 కిలోలు. ట్రక్కు బరువుతో 2,167. కుదుపులో అదనంగా అందులో సగం. ధాన్యం బరువూ కుదుపూ కలిపి 8.8 సెం.మీ. దిగుతుంది. 12.4లో అది పోగా 3.6 సెం.మీ. మిగలాలి. ట్రక్కు తిరిగి వచ్చాక మట్టి కొలిస్తే 3 సెం.మీ.కు కాస్త పైన ఉంది. మన లెక్కలో ఛాసిస్ వంగడం లేదు, గోతి లోతు లేదు. ఆ మాత్రం తేడా సహజమే.

మరునాడు నమూనాలు గడ్డి పరుపు మీద ట్రక్కులో వెళ్లాయి. పిల్లలూ నేనూ ఆర్టీసీ బస్సులో వెళ్లాం. ఒక నీటిచక్రం నమూనా రెక్క విరిగింది. దాన్ని అక్కడే జిగురుతో అతికించుకున్నాం.

మీరు చేసి చూడండి

30 సెం.మీ. ప్లాస్టిక్ స్కేళ్లు ఒకేరకానివి రెండు, కొన్ని నాణేలు, ఒక చిన్న సంచి తీసుకోండి.

1. ఒక స్కేలును బల్ల అంచున 20 సెం.మీ. బయటికి వచ్చేటట్టు గట్టిగా అదిమిపట్టండి. కొసన సంచి తగిలించి నాణేలు ఒక్కొక్కటే వేస్తూ కొస ఎంత దిగుతోందో కొలవండి. నాణేల సంఖ్య రెండింతలైతే దిగడం కూడా రెండింతలైందా? అదే హుక్ సూత్రం.

2. అదే బరువుతో స్కేలు 10 సెం.మీ. మాత్రమే బయటికి ఉండేటట్టు పట్టండి. దిగడం సగం అవుతుందనుకుంటున్నారా? కాదు, దాదాపు ఎనిమిదో వంతు అవుతుంది.

3. రెండు స్కేళ్లు ఒకదానిమీద ఒకటి పెట్టి మళ్లీ 20 సెం.మీ. దగ్గర కొలవండి. దిగడం సుమారు సగం అవుతుంది. ఆ రెండు స్కేళ్లను జిగురుతో పూర్తిగా అతికించి కొలిస్తే ఎంత అవుతుందో, ఈ వ్యాసంలో చదివినదాన్ని బట్టి ముందు ఊహించి, తరవాత చేసి చూడండి.

ఆ తరవాత మీ వీధిలో నిలిపి ఉన్న ట్రక్కు దగ్గరికి వెళ్లండి. ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి ఉన్నప్పుడే, డ్రైవరును అడిగి, కిందికి దూరకుండా పక్కనుంచే వంగి చూడండి. టైరుకు పైన అడుగు మీద నల్లటి మరక కనిపిస్తే ఆ సంగతి ఆయనకు చెప్పండి. ఆయన అప్పటిదాకా దాన్ని చూసి ఉండకపోవచ్చు.